వాకిట్లో టేకాకులు

ఆ ఏడు ఆసిఫాబాద్‌లో చలి ఎముకలు కొరికింది. అవ్వ బాయి దగ్గర జారిపడి, తుంటి విరిగి మంచం పట్టింది. పడకముందు తన చేత్తో నాటిన టమాట మొక్కలు వాకిలి అంచున మడిలో జానెడు ఎత్తు లేచాయి. అన్నం చూస్తే మొహం తిప్పుకునే మనిషి ఒకసారి మాత్రం అంది: "నా చెట్ల టమాటలు కాయనియ్యి. తొక్కు నూరు, తింట."

ఆ మాట పట్టుకుని వేలాడాను. మొక్కలు బతికితే అవ్వ బతుకుతుందని మొండిగా నమ్మాను. మొదళ్లకు ఎండాకులు కప్పితే వేడి నిలుస్తుందని ఫోన్‌లో చూసి, ఇంటి వెనక రాలిన టేకాకులు సంచులకొద్దీ తెచ్చి మందంగా పరిచాను. రాత్రి పైన కప్పడానికి ఇంకో కుప్ప వాకిట్లోనే పోశాను. గాలికి అవి గడప దాకా వచ్చేవి.

అవ్వ గంజి కూడా మానేసింది. బతిమాలాను. "నన్ను సంపుకతింటున్నవ్" అని అరిచాను కూడా. అప్పుడు తలుపులోంచి బయటికి చూస్తూ నోరు విప్పింది.

"వాకిలి ఎందుకు ఊడుస్తలేవు బిడ్డా? మనుషులు లేని ఇంట్లనే గిట్ల ఆకులు పడి ఉంటయి. నేనింక పోలే గద."

"చెట్లకు చలి పెట్టకుండ కప్పిన అవ్వా. టమాటలు కావాలంటివి గద!"

"నేనింక పోలే" అంది మళ్లీ. "అన్నీ ఊడ్చి కాలబెట్టు."

ఏడుస్తూనే చీపురు అందుకున్నాను. మొదళ్ల దగ్గరివి కూడా వదల్లేదు. అన్నీ కాల్చి, సానుపు చల్లి ముగ్గేశాను. చీపురు చప్పుడుకు అవ్వ తల ఎత్తి చూసింది. ఆ పూట గంజి తాగింది. నాకు సంతోషించాలో భయపడాలో తెలియలేదు. రాత్రి మడి మీద నా పాత చీర కప్పాను.

చీర ఆపలేకపోయింది. తెల్లారి చూస్తే మొక్కలన్నీ నల్లబడి వాలిపోయి ఉన్నాయి.

"టమాటలు పూతకొచ్చినయా బిడ్డా?" లోపల్నుంచి అవ్వ అడిగింది.

మంచానికీ మడికీ మధ్య అడ్డంగా నిలబడ్డాను. "వస్తున్నయ్ అవ్వా" అన్నాను.

"జర పక్కకు జరుగు, చూస్త."