అమ్మ కొవ్వొత్తి కాదు

నా చిన్నప్పుడు మా అమ్మ మస్కట్‌లో ఇంటిపనికని వెళ్ళి, పెట్టెలో తిరిగొచ్చింది. రాజోలు దగ్గర మా ఊళ్ళో అప్పటికే చాలామంది ఆడవాళ్ళు అలా వెళ్ళి ఉన్నారు. అమ్మను పంపిన ఏజెంటు మా వీధివాడే, నేను మావయ్యగారూ అని పిలిచే మనిషి. చివరిసారి ఫోన్ చేసినప్పుడు అమ్మ ఏడ్చింది. జ్వరం తగ్గడం లేదట, డాక్టరుకు చూపించడం లేదట, ఎలాగైనా వెనక్కి రప్పించమంది. నాన్న పరుగున వెళ్ళి చెబితే, "కొత్తలో అందరూ అలాగే అంటారండీ, సర్దుకుంటుంది లెండి" అని పంపేశాడు ఆయన.

పెద్దకర్మ నాడు అదే మనిషి దండ పట్టుకుని వచ్చాడు. అమ్మ ఫోటోకి వేసి, నా తల మీద చెయ్యి పెట్టి, "మీ అమ్మ కొవ్వొత్తి లాంటిదమ్మా. తను కరిగిపోయి మీకు వెలుగిచ్చింది" అన్నాడు. "ఆయ్, నిజవేనండీ" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఒకావిడ కళ్ళు కూడా తుడుచుకుంది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఎందుకో తెలియలేదు.

పెరట్లోకి పోయి కొబ్బరి డొక్కల్ని కాలితో తంతుంటే పక్కింటి అక్క వచ్చింది. అమలాపురం కాలేజీలో తెలుగు చదువుతుండేది. నన్ను ఊరుకోమంటుందనుకున్నాను. కానీ తనకీ కోపంగానే ఉంది.

"పోలిక బాగుందని ఊరుకోకూడదే. దాన్ని చివరిదాకా లాగి చూడాలి. కొవ్వొత్తి దానంతటది వెలుగుతుందా?"

నా కోపానికి కారణం అప్పుడు దొరికింది. నేరుగా పందిట్లోకి వెళ్ళాను. ఆయన విస్తరి ముందు కూర్చుని ఉన్నాడు.

"మావయ్యగారూ, కొవ్వొత్తిని వెలిగించింది ఎవరండీ? ఆర్పమని ఏడిస్తే ఆర్పనిది ఎవరండీ?"

"చిన్నపిల్ల, దుఃఖంలో ఏదో అంటోంది" అని ఎవరో సర్దబోయారు. అన్నాళ్ళూ నోరు విప్పని నాన్న లేచి నిలబడి, "అడిగినదానికి చెప్పండి" అన్నాడు. ఆయన తినకుండానే లేచి వెళ్ళిపోయాడు. ఆయనకు అంతకుమించి ఏమీ కాలేదు. ఆ ఏడే మేడ మీద ఇంకో అంతస్తు లేపాడు. మా గుమ్మం మాత్రం మళ్ళీ తొక్కలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు అక్క నన్ను కూర్చోబెట్టి, అమ్మ మీద నన్నే కవిత రాయమంది. చందమామ, దీపం, దేవత అని మొదలుపెడితే కొట్టేసింది. "అవి అందరి అమ్మలకీ సరిపోతాయి. మీ అమ్మని పిలు. పోయినవాళ్ళతో కవిత్వంలో మాట్లాడొచ్చు. తిట్టాలనుంటే తిట్టు." తిట్టాను. ఎందుకు వెళ్ళావు, ఎందుకు వెళ్ళావు అని పేజీ నిండా అదే రాశాను. అక్క ఒక్క 'ఎందుకు'నీ కొట్టేయలేదు. మళ్ళీ మళ్ళీ వచ్చే మాట ఏడుపులా వినిపిస్తుందని చెప్పింది. చివరికి ఇలా ఆగాను:

అమ్మా, ఫోన్‌లో నేనడిగిన మాట
సముద్రం దాటి నీకు చేరేదాకా ఆగేదాన్ని.
ఇప్పుడూ ఆగాను.
చెప్పు, అన్నం తిన్నావా?

అది చదివి అక్క నన్ను దగ్గరకు తీసుకుంది. అమ్మ పోయాక నేను మొదటిసారి గట్టిగా ఏడ్చింది అప్పుడే.

ఇప్పుడు నా వయసు అమ్మ పోయినప్పటి వయసు కన్నా ఎక్కువ. చావు ఇంట్లో ఎవరైనా ఒక ఆడమనిషిని త్యాగమూర్తి అని పొగిడితే నేను తల ఊపలేను. ఆవిడకి ఏం జరిగిందండీ అని అడుగుతాను. కొందరికి అది నచ్చదు. నచ్చకపోయినా అడుగుతాను.