ఇంకొక్క చుట్టు

ఆ రోజు న్యూజిలాండ్‌లో క్రైస్ట్‌చర్చ్ ఎయిర్‌పోర్టును పొగమంచు కమ్మి, హామిల్టన్ వెళ్ళాల్సిన మా విమానం మళ్ళీ ఆలస్యమైంది. నేను ఫోన్‌లో తెలుగులో విసుక్కోవడం విని పక్క సీటులోని పెద్దావిడ పలకరించారు. హామిల్టన్‌లోనే, రోటోటూనా అనే పేటలో ఉంటారట. భార్యాభర్తలిద్దరూ చిన్న ప్రైవేటు విమానంలో ఆఫ్రికా అంతా సఫారీ తిరిగి ఇంటికి వెళ్తున్నారు.

“బాగా చూశారా ఆంటీ?” అన్నాను.

“ఏం చూడటం బాబూ. చివరి రోజు కింద ఏనుగుల మంద నది దాటుతోంది. ఇంకొక్క చుట్టు తిప్పుతానని పైలటే అన్నాడు. అంకులేమో వద్దన్నారు, కనెక్టింగ్ ఫ్లైట్ మిస్ అవుతామని. అంత హడావిడిగా వచ్చి చేసిందేముంది, ఇక్కడ కూర్చున్నాం.” ఆవిడ వేలితో గాల్లో చిన్న సున్నా చుట్టారు. “ఇంతే. ఇంత తిరిగితే సరిపోయేది.”

ఆ కోపం నాకు బాగా అర్థమైంది.

అంతలో ఆయన రెండు కప్పుల టీతో వచ్చారు. మా మాటలు విన్నట్టున్నారు. ఒక కప్పు ఆవిడకిచ్చి, నిలబడే మెల్లగా అన్నారు.

“ఫ్లైట్ కోసం కాదు. నాకు భయమేసింది. ఆ చిన్న విమానం ఎక్కిన ప్రతిసారీ భయమే. ఇంకొక్క చుట్టు నా వల్ల కాలేదు.”

ఆవిడ ఆయన వైపు తిరిగారు.

“మరి ఒక్కసారైనా చెప్పలేదేం?”

“చెబితే నువ్వు ప్రయాణమే మానుకునేదానివి.”

ఆవిడ కప్పు కింద పెట్టి, చేయి పట్టుకుని ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు.

కాసేపటికి విమానం రద్దయిందన్నారు. అందరం గొణుక్కుంటూ కౌంటర్ దగ్గరికి పరుగెత్తాం. క్యూలోంచి వెనక్కి చూశాను. వాళ్ళిద్దరూ లేవనేలేదు. ఆవిడ ఆయన చేయి ఇంకా వదల్లేదు.