డాక్టరు గారి బోలు రంపం

ఐలీ కొస్కెలాకి ఎవడి మీదైనా ఒళ్లు మండితే "వాడి రంపానికి తుప్పే పట్టలేదు" అనేది. విల్లపా నది వైపు మా ఊళ్లో అంతకంటే పెద్ద తిట్టు లేదని ఆవిడ నమ్మకం. ఏడాదిలో ఎనిమిది నెలలు వాన కురిసే చోట ఇనుముకి తుప్పు పట్టలేదంటే, ఆ మనిషి దాన్ని గుమ్మం దాటించలేదన్నమాట.

ఆవిడ తండ్రి టోయివో అడవిలో చెట్లు కూల్చేవాడు. ఐలీకి పంతొమ్మిదేళ్లప్పుడు ఊళ్లో మోటారు రంపాలు బాగుచేసే లిండ్‌గ్రెన్ కొట్లో బిల్లులు రాయడానికి చేర్చాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆ పిల్ల లిండ్‌గ్రెన్‌కి అంతుపట్టని ఇంజన్ని విప్పి, బల్ల మీద పరిచి, మళ్లీ బిగించి మోగించింది. కానీ అడవి మనుషులు ఒప్పుకోరే! "నా రంపాన్ని ఆడదాని చేత ముట్టించకు" అని సోమవారం పొద్దున్నే గుమ్మంలో నిలబడి మరీ చెప్పేవాళ్లు. దాంతో వెనక గదిలో పని ఐలీది, ముందు గదిలో నూనె గుడ్డతో శుభ్రంగా ఉన్న చేతులు తుడుచుకోవడం లిండ్‌గ్రెన్‌ది అయింది. పదకొండేళ్లు అలాగే సాగింది. చివరికి లిండ్‌గ్రెన్ నడుం పట్టేసి మంచం ఎక్కినప్పుడు గానీ ఎవరి చేతులు పని చేస్తున్నాయో ఊరికి తెలియలేదు. తెలిశాక కూడా ఒక్కడూ సిగ్గుపడలేదు. అందరికంటే ముందు తన రంపం తెచ్చి ఆవిడ ముందు పెట్టినవాడు ఐనార్ లోఫ్‌గ్రెన్. పెద్దమనసుతో కాదు, మర్నాడు పనిలోకి వెళ్లాలి కాబట్టి.

ఒకసారి పెళ్లి దాకా వచ్చింది. ఆ పెళ్లికొడుకు, ఆవిడ గోళ్ల కింద నలుపు పోయేదాకా ఆగుదామన్నాడు. ఐలీ ఆగలేదు, పెళ్లే వద్దంది.

లిండ్‌గ్రెన్ పోయాక కొట్టు ఆవిడదైంది. తర్వాత కొండల మీద కోత ఆగిపోయింది, కోత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, రంపాలు కొట్టాల్లో అటకలెక్కాయి. వాటిని వెతుక్కుంటూ కొత్త జాతి మనుషులు దిగారు. పాత రంపాలు పోగేసేవాళ్లు.

అందరిలోకీ పెద్ద తలకాయ ప్రెస్టన్ వాడ్లీ. నగరంలో ముప్పై ఏళ్లు జనం పళ్లు పీకి, పని మానేశాక సముద్రం కనిపించేలా ఇక్కడ ఇల్లు కట్టుకున్నాడు. ఆరు కార్లు పట్టే షెడ్డులో తివాచీ పరిచి, నగల కొట్లో ఉండేలాంటి దీపాలు పెట్టి, నూట ముప్పై రంపాలు వరసగా నిలబెట్టాడు. ఒక్కదానికీ గీత లేదు. పసుపుదాన్ని ఇంకా పసుపుగా, ఎర్రదాన్ని పెళ్లి కేకులాగా నిగనిగలాడేలా రంగులేయించాడు. తనే ఒక సంఘం పెట్టి, తనే అధ్యక్షుడై, ఏటా ఆగస్టు సంతలో తనే పోటీ నడిపేవాడు. న్యాయనిర్ణేతలు తెల్లని చేతి తొడుగులు వేసుకుని రంపం మీద వేలితో రాస్తారు. వేలికి మరక అంటితే మార్కులు కోత.

"తొడుగులేసుకుని రంపం ముట్టుకునేవాడు పెళ్లాన్నెలా ముట్టుకుంటాడో" అనేది ఐలీ, చర్చి వెనక గదిలో కాఫీ తాగుతూ, పాస్టరు గారికి వినపడేలాగే.

రెండువేల నాలుగు జులైలో ఆ వాడ్లీయే బండి వేసుకుని ఆవిడ కొట్టుకి వచ్చాడు. వెనక ట్రాలీలో దుప్పటి చుట్టి పడుకోబెట్టి ఉంది ఇద్దరు పట్టే రంపం. నలభైల నాటిది. మనిషి కంటే పొడుగు. ఒక చివర ఇంజను, రెండో చివర ఇంకో మనిషి పట్టుకునే పిడి. ఐలీ చిన్నప్పుడు చూసింది అలాంటిదాన్ని, దూరం నుంచి. దుప్పటి తీయగానే ఎండ మొహాన కొట్టింది. ఇంజను మొత్తానికి నికెల్ పూత పూయించాడు మహానుభావుడు.

"ఐలీ గారూ, దీన్ని నడిపించాలి. సంత ఆఖరి రోజున దీంతో అయిదడుగుల మొద్దు కోస్తానని సభ్యులందరికీ ఉత్తరాలు రాసేశాను. పత్రికవాళ్లు కూడా వస్తున్నారు."

"రాసేముందు దీన్ని ఒక్కసారైనా అడిగారా డాక్టరు గారూ?"

అతను మర్యాదగా నవ్వాడు. ఐలీ ఇంజను చివర పట్టుకుని ఎత్తి చూసింది. మొహం చిట్లించింది. బరువు లేదు. ప్లగ్గు విప్పి టార్చి వేసి లోపలికి చూసింది. లోపల చీకటి తప్ప ఇంకేం లేదు.

"పిస్టన్ ఏదీ?"

"అదా... బరువు తగ్గుతుందని లోపలి సామానంతా తీయించాను. వేదిక మీద ఎత్తి చూపించాలి కదండీ."

"తీసినవి పారేశారా?"

"అయ్యో, ఎందుకు పారేస్తాను! మిగతావి పెట్టెలో ఉన్నాయి. పిస్టన్ నా బల్ల మీద ఉంది. తిరగేసి పెన్నులు పెట్టుకుంటున్నాను."

ఐలీకి తిట్లు ఇన్ని వచ్చి గొంతులో ఒకదాన్నొకటి తోసుకున్నాయి గానీ, ఒక్కటీ దీనికి సరిపోదనిపించింది. దాన్ని వెనక్కి పంపేద్దామనుకుంది. కానీ ఆ ఇంజను నోరు తెరుచుకుని తన బల్ల పక్కన ఉంటే ఆవిడ చేతులు ఊరుకుంటాయా?

"పెన్నులు తీసేసి పట్రండి. ఇంకోమాట. ఇంజను చివర నేను పట్టుకుంటా. రెండో చివర మీరు. తొడుగులు వద్దు."

మూడు వారాలు పట్టింది. బేరింగులు అరిగిపోయాయి. రింగులు దొరక్క చేపల పడవ ఇంజను రింగుల్ని ఆకురాయితో అరగదీసి సరిపెట్టింది. కార్బురేటర్లో తేలే బెండు ఎండి బిళ్లలా అయితే కొత్తది చెక్కింది. పని చేస్తున్నంతసేపూ వాడ్లీని తిడుతూనే ఉంది గానీ, పొద్దున కాఫీ చల్లారిపోతున్నా చూసుకోకుండా వంగి కూర్చునేది. అంత సంతోషంగా ఉండి చాలా ఏళ్లయింది. ఆ సంతోషం వాడ్లీ పుణ్యమేనన్న ఊహ వస్తే మాత్రం స్పానర్ బల్ల మీద విసిరేసేది.

పెరట్లో మొదటిసారి తాడు లాగి మోగించినప్పుడు నీలం పొగ రోడ్డు దాటి చర్చిలోకి పోయింది. ఆడవాళ్లు పుల్లా అనే తీపి రొట్టె ముక్కలు చేతిలో పట్టుకునే బయటికి వచ్చారు. ఐనార్ లోఫ్‌గ్రెన్ కూడా వచ్చాడు. డెబ్బై ఎనిమిదేళ్లు, చెవులు సగం పోయాయి. అయినా ఆ మోత వింటూ టోపీ తీసి నిలబడ్డాడు.

సంత రోజున వాడ్లీ మైకు పట్టుకుని అరగంట మాట్లాడాడు. ఆ రంపాన్ని సిగ్నె హాగెన్ అనే డెబ్బై నాలుగేళ్ల ముసలావిడ దగ్గర కొన్నాడు. ఆవిడ్ని పిలిపించి, గౌనుకి పువ్వు గుచ్చి, ముందు వరసలో కుర్చీ వేయించాడు. ఆవిడ చేత మాత్రం ఒక్క మాట మాట్లాడించలేదు.

"ఈవిడ భర్త నెల్స్ హాగెన్! ఏడడుగుల మనిషి! ఇద్దరు మోసే ఈ రంపాన్ని ఒంటిచేత్తో ఆడించి ఈ కొండల్ని దున్నేశాడు!"

ఐలీ పైకే నవ్వేసింది. నెల్స్ హాగెన్ ఆవిడకి తెలుసు. కొట్టు బల్ల మీదికి గడ్డం ఆనేంత ఎత్తు. సిగ్నె ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది, మొహంలో ఏమీ కనపడనివ్వలేదు.

మొద్దు మీద రంపం ఆనింది. ఐలీ ఇంజను మోగించింది, గొలుసు బెరడులోకి దిగింది. ఒక జానెడు బాగానే పోయింది. పిడి చివరివాడు చేయాల్సింది ఒక్కటే, రంపాన్ని సమంగా ఉంచి కిందికి ఆనించడం. వాడ్లీ పైకి ఎత్తాడు. ఎత్తి ఎత్తి చూపించడం అలవాటైన చేతులు కదా! గొలుసు బిగుసుకుని ఒక్క గుంజు గుంజింది. రంపపు పొట్టు కళ్లలో కొట్టింది. అతను కెవ్వుమని పిడి వదిలేసి నాలుగడుగులు వెనక్కి పోయాడు. ఐలీ ఇంజను ఆపేసింది.

జనంలోంచి ఐనార్ గొంతు లేచింది.

"డాక్టరూ! అది పన్ను కాదయ్యా, ఊపి పీకడానికి!"

జనం విరగబడి నవ్వారు. ఐలీ ఈ క్షణం కోసమే మూడు వారాలు ఆగింది.

"పాపం, తివాచీ లేదు కదా కాళ్ల కింద. అందుకే నిలబడలేకపోయాడు" అంది, మైకులో పడేలాగే. "పోనీ ఒక దీపం పెట్టమంటారా డాక్టరు గారూ, మీకు అలవాటైనట్టు?"

మళ్లీ నవ్వులు. కానీ ఐనార్ ఈసారి నవ్వలేదు. అతనికి ఎవర్ని వెటకారం చేయాలన్నా ఒకటే.

"నువ్వెందుకే అంత మురిసిపోతావు ఐలీ? నువ్వు ఏ కొండ ఎక్కావు? యాభై ఏళ్లు పైకప్పు కింద కూచుని మా రంపాల ముక్కులు తుడిచావు. నువ్వు కూల్చిన చెట్టు ఒక్కటంటే ఒక్కటి చూపించు!"

అడవిలోకి రానిచ్చారా మీరు అని ఐలీ అడగొచ్చు. కానీ ఆ మాట దేబిరించినట్టు ఉంటుంది, చచ్చినా అనదు. పైగా మగవాళ్లు వదిలేశాక, అడవిలో ఎవరూ లేనప్పుడు, పోదలుచుకుంటే అడ్డమెవరు? ఆ ప్రశ్న తనకి తనే వేసుకుని, చెవులు వేడెక్కి, ఇంజను మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడింది.

అప్పుడు సిగ్నె కుర్చీలోంచి లేచింది. గౌనుకున్న పువ్వు తీసి వాడ్లీ చేతిలో పెట్టింది.

"ఇది పట్టుకో నాయనా. ఆ చివర నాది."

"అమ్మా, ఇది చాలా ప్రమాదం..." అన్నాడు వాడ్లీ కళ్లు తుడుచుకుంటూ.

"నలభై తొమ్మిదిలో మా ఆయన జతగాడు కాలు విరగ్గొట్టుకున్నాడు. ఇంకో మనిషిని పెట్టుకునే స్తోమత మాకేదీ? రెండు చలికాలాలు ఆ పిడి పట్టుకున్నాను. రెండో చలికాలం కడుపుతో. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఏడడుగులంటూ నువ్వే మొదలెట్టావు, సరే కానీ అనుకున్నా."

ముసలావిడ పిడి పట్టుకుని, కాళ్లు ఎడంగా వేసి, ఐలీ వైపు చూసింది.

"భుజాలు దించు పిల్లా. దాన్ని లాగక్కర్లేదు. అదే పోతుంది, నువ్వు దాని వెంట పో."

అరవై ఎనిమిదేళ్ల ఐలీని పిల్లా అనేవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు. భుజాలు దించింది. సిగ్నె తల ఆడిస్తే ఆపింది, కళ్లతో చెబితే పోనిచ్చింది. ఇంజను వేడి మోకాళ్లకి కొడుతోంది, నూనె రెండు చేతుల మీదా కారుతోంది. అయిదడుగుల మొద్దు చివర విడిపోయి నేల మీద పడ్డప్పుడు పాదాల కింద భూమి అదిరింది. చప్పట్లు కొడుతున్నారని ఐలీకి ఆలస్యంగా తెలిసింది.

సాయంత్రం పోటీలో ఆ రంపానికి ఏ బహుమతీ రాలేదు. తెల్ల తొడుగులవాళ్లు వేలితో రాసి చూస్తే నల్లగా నూనె అంటింది. నిబంధన నిబంధనే. రాసింది వాడ్లీయే, అతను కూడా ఏమీ అనలేకపోయాడు.

గురువారం పత్రికలో ఫోటో వచ్చింది. తెగిన మొద్దు మీద కాలు పెట్టి, రంపం మీద చెయ్యి వేసి వాడ్లీ. కింద ఆ కోత గురించి పది పంక్తులు, చివర "ఇద్దరు స్థానిక మహిళలు సాయపడ్డారు" అని. సిగ్నె ఆ కాగితంలో సాల్మన్ చేప చుట్టి ఐలీకి పంపింది.

మరో పది రోజులకి వాడ్లీ ఫోన్ చేశాడు. తివాచీ మీద నూనె కారుతోందట. లోపలి సామాను మళ్లీ తీసేయగలరా అని.

"తీయను. దమ్ముంటే మీరే పీక్కోండి" అని ఐలీ ఫోన్ పెట్టేసింది. అతను ఇంకెవరినో పట్టుకుని పీకించుకున్నాడు. ఇప్పటికీ ఆ రంపం అతని షెడ్డులో బోలుగా తళతళలాడుతోంది. చూడటానికి వచ్చినవాళ్లకి నెల్స్ ఎత్తు ఇంకో అంగుళం పెంచి చెబుతున్నాడని వినికిడి.

వాడ్లీని గెలిచిన సంతోషం ఐలీకి నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఐనార్ మాట మాత్రం మనసులో ఉండిపోయింది. అక్టోబరు గాలివానకి సిగ్నె పొలంలో దేవదారు లాంటి పెద్ద ఫర్ చెట్టు సగం ఒరిగి పక్క చెట్టుకి ఆనుకుంది. దాన్ని దించాలి. ఐలీ కొట్లోంచి తను నాలుగుసార్లు బాగుచేసిన పాత రంపం ఒకటి తీసుకుని వానలో వెళ్లింది. సిగ్నె గొడుగు పట్టుకుని ఎటు నిలబడాలో, ఎక్కడ గాటు పెట్టాలో, ఎప్పుడు పరుగెత్తాలో చెప్పింది. చెట్టు దిగడానికి పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. రెండుసార్లు రంపం ఇరుక్కుంది, ఒకసారి ఐలీ బురదలో వెల్లకిలా పడింది. చెట్టు పడ్డాక ఆ తడి వాసనలో మొదలు మీద కూర్చుని, గొలుసులో ఇరుక్కున్న పొట్టు గోటితో తీసుకుంది.

సోమవారం ఐనార్ కొట్టుకి వచ్చాడు, రంపం చైను సానపెట్టించుకోవడానికి.

"కూల్చావటగా" అన్నాడు.

"కూల్చాను. బుర్ర అక్కర్లేని పని" అంది ఐలీ, తలెత్తకుండానే. "దానికా మీరు యాభై ఏళ్లు అంత టెక్కు పోయారు? ఇంజన్లు విప్పే పని మీ చేతికి ఇవ్వకపోవడమే మంచిదైంది."

"మరి నడుం ఎందుకలా పట్టుకున్నావు?"

"నీకెందుకు నా నడుం? చైను అక్కడ పెట్టి వెళ్లు. శుక్రవారం రా."

ఐనార్ చైను బల్ల మీద పెట్టి, టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. అతని బండి మలుపు తిరిగేదాకా ఆగి, ఐలీ బల్ల అంచు పట్టుకుని అమ్మా అంటూ మెల్లగా స్టూలు మీద కూలబడింది.