ఇప్పపూల రోజుల్లో మడతపెట్టిన దోమతెర

మీ అమ్మ కడుపుతో ఉన్న ఏడాది, ఇప్పపూలు రాలే రోజుల్లో పరిశోధన చేసే అమ్మాయి ఒకతె మా ఊరికి వచ్చింది, పిల్లలూ. పూలు తెల్లవారకముందే రాలతాయి కనుక, ఏరుకోవడానికి ఊరంతా అడవిలో చెట్ల కిందే పడుకునేవాళ్లం. ఇళ్లలో దోమతెరలు మడతపెట్టి ఉన్నాయి. ఎందుకని ఆమె అడిగితే, అంబలి పోసి అంతా చెప్పాను.

వానల ముందు పాత తెర చిరిగితే, మీ అమ్మకు కొత్తది అడుగుదామని తెరలు పంచే భద్రాచలం ఆఫీసుకు వెళ్లాను. అక్కడి సారు ఆ పరిశోధన అమ్మాయి రాసి పంపిన రిపోర్టు పుస్తకం చూపించాడు. దాని పేరు ‘దోమతెరలు వద్దంటున్న అడవి పల్లెలు’.

“మీరే వద్దన్నరంట గద అవ్వా. వేరే ఊర్లకు పంపినం.”

“లోపలేం రాసిందో చూసిన్రా సారూ?”

“పేరు చూస్తే తెల్వదా ఏంది?”

తర్వాత చదివించుకుంటే, లోపల నేను చెప్పినట్టే ఉంది. అబద్ధం రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆ వానాకాలం మీ అమ్మ చలిజ్వరంతో వణుకుతుంటే, నా అంబలి తాగి ఆ పేరెలా పెట్టిందోనని కుమిలిపోయాను.