ఇస్సాకు పన్నుల పుస్తకం

పన్ను కట్టవలసిన అవసరం జన్మలో ఒక్కసారి కూడా రాని మనిషికి పన్నుల పుస్తకాలంటే అంత ప్రేమ ఎందుకు? చాలా పుస్తకాలు చదివాను, చాలామందిని చూశాను. ఇస్సాకు విషయంలో ఈ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

డెబ్బయ్యో దశకం నడిమి సంవత్సరాలవి. నేను మాదన్నపేటలో ఒక బడిలో పాఠాలు చెప్పేదాన్ని. చింతపండు, మిరపకాయల టోకు వ్యాపారి సీతారాం సేఠ్ దుకాణం మీది గదిలో అమ్మతో కలిసి అద్దెకుండేదాన్ని. కిటికీ తెరిస్తే మిరపఘాటు, మూస్తే ఉక్క. ఘాటే నయమనుకుని కిటికీ పక్కన కూర్చుని కథల పుస్తకాలు చదువుకునేదాన్ని. ఆదివారం సాయంత్రం మాత్రం నా చదువు సాగేది కాదు. కింద అరుగు మీద ఇస్సాకు చదివేవాడు.

అతను నయాపూల్ దగ్గర వకీళ్ళకు న్యాయశాస్త్ర పుస్తకాలు అమ్మే ఒక కొట్టులో పనివాడు. మద్రాసు నుంచీ బొంబాయి నుంచీ వచ్చిన పార్సిళ్ళు విప్పడం, పుస్తకాలను సైకిలు మీద వకీళ్ళ ఇళ్ళకు చేర్చడం అతని ఉద్యోగం. మిషన్ బడిలో మెట్రిక్ దాకా చదివాడు. కాపురం కిషన్‌బాగ్‌లో. కొత్త పుస్తకం దిగిందంటే, అట్ట నలిగిన ప్రతి ఒకటి యజమానిని అడిగి శనివారం ఇంటికి పట్టుకుపోయేవాడు. అమ్మకపు పన్ను, ఆదాయపు పన్ను, లెక్కలు రాసే కొత్త పద్ధతులు, బ్యాంకుల మీద వచ్చిన నిబంధనలు, ఏదైనా సరే. కొత్త పుస్తకం తెరిచి ముక్కు దగ్గర పెట్టుకునే మనుషులు చాలామందే ఉంటారు, నేనూ అందులో ఒకదాన్ని. కానీ అమ్మకపు పన్ను సవరణ చట్టాన్ని వాసన చూసినవాణ్ణి ఇస్సాకు ఒక్కణ్ణే చూశాను.

ఆదివారం దుకాణాలు మూశాక సేఠ్ అరుగు మీద గోనెసంచులు పరిచేవారు. చుట్టుపక్కల వ్యాపారులు చాయ్ తెప్పించుకుని కూర్చునేవారు. ఇస్సాకు ఇంగ్లీషు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అక్కడికక్కడే తెలుగు చేసి చెప్పేవాడు. మొదట్లో అది ఎవరికీ ఎక్కలేదు.

“‘ఎ’ అనే వర్తకుడు ‘బి’ అనే వర్తకునికి బిల్లు లేకుంట సరుకు అమ్మినచో...” అని అతను మొదలుపెట్టగానే, ఎదురు దుకాణంలో సబ్బులూ నూనెలూ అమ్మే విశ్వేశ్వర్ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు భాయ్. ఎవడు గీ ‘ఎ’? ఏ బజారోడు?”

“బజారోడు కాదన్నా. బుక్కుల గట్లనే రాస్తరు.”

“మనిషెవడో తెల్వకపోతే ఆడు జేసిన తప్పు నాకెట్ల సమజైతది?”

ఇస్సాకు చుట్టూ చూశాడు. అందరికన్నా దగ్గరగా సీతారాం సేఠ్ సాసర్‌లో చాయ్ పోసుకుని ఊదుకుంటున్నారు.

“సరే. మన సీతారాం సేఠ్ పది బస్తాల చింతపండు విశ్వేశ్వరన్నకు బిల్లు లేకుంట అమ్మిండనుకో.”

“అరె వాహ్! నాకెప్పుడిచ్చినవ్ సేఠ్?”

“నీకా? బిల్లుతోని గుడ ఇయ్య,” అన్నారు సేఠ్. నవ్వు ఆపుకోలేక చాయ్ అంతా పంచె మీద ఒలకబోసుకున్నారు.

చట్టం ఆ రోజు నుంచి మాదన్నపేటకు దిగివచ్చింది. పుస్తకంలో ఎవడు దొంగలెక్క రాసినా సీతారాం సేఠే రాసేవారు. ఎవడు సరుకు దాచినా ఆయనే దాచేవారు. అందరికన్నా గట్టిగా నవ్వేదీ ఆయనే. “ఇయ్యాల నేనేం జేసిన్రా?” అని ముందుగా తనే అడిగేవారు. వాకిట్లో కూర్చుని తమలపాకులు తుడుచుకునే సేఠ్ వాళ్ళమ్మ నాగమణమ్మకు కూడా అదొక కాలక్షేపం. పన్ను లెక్కలో తమలపాకు కూరగాయ కిందికి రాదని పెద్ద కోర్టు తీర్పు చెప్పిందని ఇస్సాకు చదివినప్పుడు, ఆమె ఆకు పైకెత్తి చూపించింది. “గీ ముక్క జెప్పనీకి గంత పెద్ద కోర్టు ఎందుకురా? నన్నడిగితే జెప్పకపోతునా?”

ఇంగ్లీషు పుస్తకాలు ఏటేటా వచ్చి పడుతూనే ఉన్నాయి. మా బజారులో వాటిని చదవగలవాళ్ళు లేరు. అరుగు మీద చెప్పిందంతా తెలుగులో చిన్న పుస్తకంగా వేయాలన్న ఆలోచన ఇస్సాకుకు పుట్టింది. దానికి కావలసిన పరిశోధన తనకు తోచిన తీరున చేశాడు. పొద్దున్నే కూరగాయల మార్కెట్లో తిరిగి ఎవరికి ఏ సందేహం ఉందో అడిగేవాడు, సాయంత్రం కొట్టులో కొత్తగా వచ్చిన పుస్తకాల్లో దానికి జవాబు వెతికేవాడు. ఎక్కడైనా ఇంగ్లీషు మాట అడ్డుపడితే మెట్ల కింద నిలబడి నన్ను పిలిచేవాడు. నేను చెప్పిన మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసుకుని, “గిది బడి తెలుగు టీచరమ్మా, బజార్ల నడ్వది,” అని తనకు నచ్చిన మాటే రాసుకునేవాడు.

“నాకేం ఆశ లేదు టీచరమ్మా,” అన్నాడు ఒకరోజు. “అట్ట మీద నా పేరుండాలె. గా పుస్తకం వీళ్ళ చేతులల్ల ఉండాలె. గంతే.”

కిషన్‌బాగ్‌లో ఒక స్నేహితుడికి కాలితో తొక్కే చిన్న అచ్చుయంత్రం ఉండేది. రాసిందంతా అక్కడే అచ్చయింది. ఒక ఆదివారం సైకిలు వెనక పెద్ద కట్టతో ఇస్సాకు దిగాడు. లేత నీలం అట్ట. ‘చిన్న వ్యాపారి, అమ్మకపు పన్ను’. కింద, ‘రచన: కె. ఇస్సాకు’. నాగమణమ్మ కట్ట మీద పసుపు కుంకుమ పెట్టింది. పక్కనే ఇస్సాకు కళ్ళు మూసుకుని తన ప్రార్థన తను చేసుకున్నాడు. సేఠ్ జిలేబీ తెప్పించారు.

విశ్వేశ్వర్ ఒక ప్రతి తీసి మధ్యలో తెరిచాడు. “సీతారాం సేఠ్ పది బస్తాల చింతపండు బిల్లు లేకుండా అమ్మినచో...” అని చదివి పకపకా నవ్వాడు. పేజీ తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. అతని నవ్వు ఆగిపోయింది.

“సేఠ్, గీడ గుడ నువ్వే ఉన్నవ్. రెండు తీర్ల లెక్కలు రాసినవ్. గీడేమో సరుకు గోదాంల దాసినవ్. మాదన్నపేట అని బజారు పేరు గుడ ఏసిండు.”

జిలేబీ చేతిలో ఉండగానే సేఠ్ మొహం ఎర్రబడింది. “అరుగు మీద నవ్విన అంటే అచ్చుల ఎక్కిస్తవా ఇస్సాకూ? గిది పన్నుల దఫ్తర్ల ఎవలన్న సూస్తే పొద్దుగాల నా దుకాణం ముంగట జీపుంటది!”

ఇస్సాకు పుస్తకం లాక్కుని చూశాడు. అచ్చు తప్పులన్నీ తనే దిద్దాడు. ఒక్క పొల్లు కూడా వదలలేదు. ఈ పేర్లు మాత్రం అతని కంటికి తప్పుగా కనబడలేదు.

“కోపం చెయ్యకు సేఠ్. ఇన్నేండ్లు చెప్పి చెప్పి, నీ పేరు చూస్తే నాకు మనిషి అనిపియ్యలే. చట్టంల మాటనే అనిపిచ్చింది.”

“నన్ను దొంగను జేసి మల్ల చట్టమంటవా? చింపుండ్రి! అన్నీ చింపుండ్రి! ఒక్కటి గుడ బజార్ల కనవడొద్దు.”

ఎవరో కట్ట మీద చెయ్యి వేయబోయారు. ఇస్సాకు వెళ్ళి ఆ కట్ట మీద కూర్చున్నాడు. సేఠ్ కేకలు వేశారు, విశ్వేశ్వర్ బతిమాలాడు, జిలేబీ ఇస్తామన్నారు. లేవలేదు. అంత మంచి మనిషి అలా మొండికెయ్యడం నేను కిటికీలోంచి చూడడం అదే మొదటిసారి.

లొల్లి చూసి చూసి నాగమణమ్మ తమలపాకుల గుడ్డ పక్కన పెట్టింది. “ఏందిరా మీ లొల్లి! పేరేగా తప్పువడ్డది, పుస్తకమేం జేసింది? మైదా లయి ఉడకవెడ్త. పేరు మీద ఇంకో పేరు అతికిచ్చుండ్రి.”

ఇస్సాకు కళ్ళు మెరిశాయి. “మా కొట్టుల గట్లనే జేస్తం అమ్మా! చట్టం మారితే మద్రాసు నుంచి చిన్న చిన్న చిట్టీలు అచ్చేసి పంపుతరు. పాత లైను మీద అతికిస్తం.”

సేఠ్ కొంచెం మెత్తబడ్డారు. ఎవరి పేరు అతికించాలన్న దగ్గర వ్యవహారం మళ్ళీ ఆగింది.

“రాజన్న అని పెట్టు,” అన్నారు సేఠ్.

“బండి రాజన్నకు తెలిస్తే రేపు నీ మిరపబస్తా ఎత్తడు,” అన్నాడు విశ్వేశ్వర్.

“ఆగయ్య అని పెడ్తే?”

“మా బామ్మర్ది.”

“వైకుంఠం?”

“ఆయన ఈడనే కూసున్నడు సేఠ్!”

ఏ పేరు తలచుకున్నా ఆ బజారులో దానికొక మనిషున్నాడు. చివరికి కట్ట మీద నుంచే ఇస్సాకు అన్నాడు, “నా పేరే ఏస్త.”

“నీకు దుకాణమే లేకపాయె. బిల్లు లేకుంట ఏమమ్ముతవు?”

“పుస్తకంల ఉంటది గద సేఠ్ దుకాణం,” అని నవ్వాడు ఇస్సాకు. అప్పుడు గానీ కట్ట మీద నుంచి లేవలేదు.

మరుసటి ఆదివారం చిట్టీలు వచ్చాయి. నాగమణమ్మ గిన్నెడు లయి జిగురు తెచ్చి అరుగు మధ్యలో పెట్టింది. తలా కొన్ని పుస్తకాలు పంచుకుని కూర్చున్నారు. పేరు ఎక్కడుందో తెలియాలంటే ప్రతి పేజీ చూడాలి. ఆ విధంగా, ఇస్సాకు ఒక్క మాట చెప్పకుండానే బజారంతా అతని పుస్తకం చదవడం మొదలుపెట్టింది.

“అరె, గీ పేజీల నేను పన్ను సక్కగనే కట్టిన గదా!” అని సేఠ్ ఉన్నట్టుండి అరిచారు. “గీడ అతికియ్యకుండ్రి. గీడ నా పేరే ఉండనియ్యి.”

“వాహ్ సేఠ్! దొంగతనమంత ఇస్సాకుకు, దొరతనమంత నీకా?” అన్నాడు విశ్వేశ్వర్. తరవాత గొంతు తగ్గించి, “ఇస్సాకూ, మంచిగ పన్ను కట్టేకాడ నాది గుడ ఒక చిట్టీ అచ్చేపియ్యరాదు?” అన్నాడు.

అందరూ గొల్లున నవ్వారు. ఇస్సాకు కూడా. వేళ్ళ నిండా లయితో, అరుగు చివర కూర్చుని.

పొద్దు వాలుతుండగా కొబ్బరికాయలు అమ్మే సుగుణమ్మ ఆ దారిన పోతూ ఆగింది. “అన్నా, నీళ్ళ టెంకాయకు ఎండుకొబ్బరికి పన్ను ఒక్కటేనా? మా తాన ఒక్కొక్కడు ఒక్కొక్క తీరు చెప్తుండు.”

ఇస్సాకు నోరు తెరిచాడు.

“ఆగు, జెప్త,” అన్నారు సేఠ్. కళ్ళద్దాలు సవరించుకుని పేజీలు తిప్పి, దొరకగానే గొంతు పెంచి చదివారు. “ఇస్సాకు సేఠ్ దుకాణంల టెంకాయలున్నవి అనుకో...” అచ్చం ఇస్సాకు లాగే, ఆపే చోట ఆపుతూ, లాగే చోట లాగుతూ. అందరి తలలూ ఆయన వైపు తిరిగాయి. ఒకచోట ఆయన ఒక వరస దాటేశారు. ఇస్సాకు ముందుకు వంగాడు. ఈలోగా విశ్వేశ్వర్ తన పుస్తకంలో వేలు పెట్టి, “నడుమ ఒక ముక్క వదిలినవ్ సేఠ్. చట్టానికి రెండు వేరువేరు సరుకులని ఉన్నది సూడు,” అన్నాడు. సేఠ్ వెనక్కి వెళ్ళి సరిగ్గా చదివారు. సుగుణమ్మ తలూపి, “గట్లనా? నాకు గుడ ఒకటియ్యి,” అని పుస్తకం అడిగింది. దాని వెనకే ఆమెకు మరో సందేహం వచ్చింది. సేఠ్ ఇంకో పేజీ తీశారు.

ఇస్సాకు అందరి చేతుల్లోని నీలం అట్టల వైపు ఒకసారి చూసి, కాసేపు విన్నాడు. తల కొంచెం పక్కకు వంచి, ఎవరో వేరేవాళ్ళు రాసినది వింటున్నట్టుగా విన్నాడు. తరవాత చేతులు గోనెసంచికి తుడుచుకుని, అరుగు దిగి, చెప్పులు వెతుక్కున్నాడు. సైకిలు తీసి, చప్పుడు కాకుండా మలుపు దాకా నడిపించుకుంటూ వెళ్ళి, అక్కడ ఎక్కి తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. వస్తానని ఎవరికీ చెప్పలేదు. సేఠ్ చదువుతూనే ఉన్నారు.