ఫైల్లోంచి పోని మనిషి

ఆఫీసులో అందరూ ఆయన్ని ఫైలు మాస్టారు అంటారు. ఎదురుగా ఉంటే మాత్రం ఫైలు మింగేసి, ఉత్త మాస్టారూ అని పిలుస్తారు. వయసు నలభై నాలుగు. బట్టతల, గళ్ళ చొక్కా, జేబులో మూత పోయిన పెన్ను. ఆ పెన్నుతో ఆయన ఏనాడూ ఏమీ రాయలేదు. చేత్తో రాసింది నిజం కాదని ఆయన సిద్ధాంతం. మరి పెన్నెందుకంటే, జేబు ఉంది కాబట్టి.

సిద్ధాంతం ఊరికే పుట్టలేదు. పదకొండేళ్ళ కిందట, ఆయన కంపెనీలో చేరిన మొదటి వారంలోనే ఒక సర్వర్ చచ్చి కూర్చుంది. దాన్ని అమర్చినవాడు అప్పటికే ఉద్యోగం మానేసి ఎటో పోయాడు. ఏది ఎందుకు పెట్టాడో ఎక్కడా రాసిపెట్టలేదు. మూడు రోజులు తిండీ తిప్పలూ మాని తవ్వితే తేలిందేమిటంటే, ఆ మహానుభావుడు ఒక్క అంకెను చేత్తో మార్చి, నోరు మూసుకుని వెళ్ళిపోయాడు. ఆరోజే మాస్టారు ఒట్టు పెట్టుకున్నాడు. ఇక మీదట ఏది ఉండాలన్నా ముందు ఫైల్లో ఉండాలి.

కంపెనీ పని పార్సిళ్ళ జాడ చెప్పడం. నా పార్సిల్ ఎక్కడ చచ్చింది అని లక్షల మంది ఒకేసారి అడుగుతారు. జవాబు చెప్పే ప్రోగ్రాములను కంటైనర్లనే చిన్న చిన్న మూటల్లో కట్టి, వందలాది మెషీన్ల మీద సర్దుతారు. ఆ మెషీన్ల మందను క్లస్టర్ అంటారు. మందలో ఎన్ని మెషీన్లుండాలి, ఏ మూటకు ఎన్ని కాపీలుండాలి అన్నదంతా మాస్టారు ఫైల్లో రాసిపెట్టాడు. పది నిమిషాలకోసారి ఒక ప్రోగ్రాం వచ్చి, ఫైలునీ లోకాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తుంది. తక్కువైతే పుట్టిస్తుంది, ఎక్కువైతే చంపేస్తుంది. వంటింట్లో గిన్నె జరిగినా కనిపెడుతుందని దానికి అత్తగారు అని పేరు పెట్టారు.

అక్కడితో ఆగి ఉంటే కథే లేదు. రుచి మరిగిన మాస్టారు ఉద్యోగుల జాబితాను కూడా ఫైల్లోకి ఎక్కించాడు. రోజూ పొద్దున ఆరింటికి అత్తగారు ఆ జాబితా చూసి, పేరున్నవాళ్ళ కార్డులకు ప్రాణం పోస్తుంది. కొత్త పేరు కనిపిస్తే ఇంటికి ఒక టీషర్టు, ఒక నీళ్ళసీసా, ఒక చిన్న పూలకుండీ పంపిస్తుంది. గేటు దగ్గర రెండు అద్దాల తలుపులు. ఒక కార్డుకు ఒక మనిషి. ఇద్దరు దూరితే రెండూ బిగుసుకుంటాయి.

లొంగనిది ఒక్కటే, గేటు తాత రిజిస్టరు. పక్కనున్న చిన్న తలుపుకు తాత దగ్గర తాళంచెవి ఉంది. పుస్తకంలో పేరు రాసిన చుట్టాలూ పక్కాలూ అందులోంచి వస్తారు, పోతారు.

"ఆ పుస్తకం తీసేయ్ తాతా. చేత్తో రాసేదానికి విలువేంటి?" అని మాస్టారు ఆరేళ్ళుగా పోరుతున్నాడు.

"తీసేద్దాం బాబూ. ముందు నన్ను తీసేయండి, తర్వాత దాన్ని" అని తాత ఆరేళ్ళుగా అంటున్నాడు.

ఇంతలో సగం ధరల అమ్మకాల రోజు వచ్చింది. పార్సిళ్ళు వరదలా వచ్చిపడ్డాయి. డైరెక్టర్ గారు కంగారుపడి, స్క్రీన్ మీద తన వేలితోనే నలభై మెషీన్లు పెంచాడు. పది నిమిషాలకు అత్తగారు వచ్చి, ఇవెవరివి, ఫైల్లో లేవే అని నలభైనీ ఊడ్చేసింది. ఆయన మళ్ళీ పెంచాడు, ఇది మళ్ళీ ఊడ్చింది. అలా నాలుగుసార్లు.

"సార్, ఫైల్లో ఒక్క అంకె మార్చి, ఇంకొకరి చేత ఓకే అనిపిస్తే చాలు. రెండు నిమిషాల పని" అన్నాడు మాస్టారు.

"డైరెక్టర్ని నేను! నాకు ఇంకొకడి ఓకే ఏంటయ్యా?"

"ఫైలుకు డైరెక్టరూ తెలీదు, డ్రైవరూ తెలీదండి."

ఆ సాయంత్రమే మాస్టారి ఉద్యోగం ఊడింది. ఆయన ఇంటికి వెళ్ళాక, సిబ్బంది ఆఫీసువాళ్ళు స్క్రీన్ మీద ఆయన పేరు వెతికి, చేత్తో తీసేశారు.

చేత్తో!

మర్నాడు పొద్దున ఆరున్నరకు కాలింగ్ బెల్ మోగింది. మాస్టారి భార్య తలుపు తీసింది. ఇంట్లోనే బట్టలు కుట్టే మనిషి, మాట కూడా కత్తెరే.

"ఏమండీ, మీకు కొత్త ఉద్యోగం వచ్చిందట. టీషర్టు పంపారు."

"ఎవరు?"

"నిన్న తన్ని తరిమినవాళ్ళే."

పేరు ఫైల్లో ఉంది, మనిషి లోకంలో లేడు అని అత్తగారు మాస్టారిని మళ్ళీ పుట్టించింది. సాయంత్రం ఏడింటికి సిబ్బంది ఆఫీసు ఆయన్ని మళ్ళీ తీసేసింది. పొద్దున ఆరింటికి మళ్ళీ జననం. వారం తిరిగేసరికి బాల్కనీలో ఏడు పూలకుండీలు, భార్య మిషను మీద టీషర్టులు చీల్చి కుట్టిన నాలుగు దిండు గలీబులు.

నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, మధ్యలో మాస్టారికి నిజంగానే ఇంకో ఉద్యోగం వచ్చింది. ఆసుపత్రుల కంప్యూటర్లు చూసే కంపెనీ, సరిగ్గా రోడ్డుకవతల మేడ. ఈ వయసులో పిలిచి ఉద్యోగమిచ్చేవాడు మళ్ళీ దొరకడు. పాత కంపెనీ ఇచ్చిన విడుదల లేఖ జేబులోనే ఉంది. కానీ కొత్తవాళ్ళు పాత కంపెనీ సిబ్బంది జాబితా కంప్యూటర్లో చూసి, "మీరింకా అక్కడే పనిచేస్తున్నట్టుందండీ" అన్నారు. వాళ్ళ ఆఫీసు తొమ్మిది నుంచి అయిదు దాకా. మాస్టారు ఉద్యోగి కానిది రాత్రి పూట మాత్రమే. శుక్రవారం అయిదింటిలోగా పేరు పోతే సరే, లేకపోతే ఆ కుర్చీ ఇంకొకరిది.

ఫైల్లో ఆయన పేరున్న వరస తీసేస్తే అయిపోతుంది. ఫైలును ముట్టుకునే హక్కు ఇద్దరు కాపరులకే ఉంది. ఒకరు మాస్టారు, రెండో ఆవిడ పూర్వం బళ్ళో లెక్కలు చెప్పిన టీచరమ్మ.

"కాపరులు ఇద్దరికి తగ్గితే ఫైలు ఒప్పుకోదు కదా అన్నయ్యా. నువ్వు పోవాలంటే ముందు మూడోవాళ్ళు రావాలి" అంది టీచరమ్మ.

"ఈ నియమం పెట్టిన దరిద్రుడెవడమ్మా?"

"నువ్వే."

కాపరి అంటే వేళాపాళా లేని ఫోన్లు. ఆఫీసులో ఎవర్నడిగినా ఒకడికి నడుంనొప్పి, ఒకడికి పిల్లల పరీక్షలు. ఆఖరికి మిగిలింది డైరెక్టర్ గారు. ఆయనకైనా మినహాయింపు లేదు. కాపరి కావాలంటే, చేత్తో దేన్నీ ముట్టుకోకుండా, ఫైలు రాసి ఒక బుల్లి క్లస్టర్ లేపి చూపించాలి.

"నిన్ను తీసేసింది నేను. నిన్ను తీసేయడానికి నేను పరీక్ష రాయాలా?"

"అవునండి."

"చెప్పేదెవరు?"

"నేనేనండి."

డైరెక్టర్ గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

సోమవారం మొదలైంది పాఠం. ఫైల్లో వరస ముందు రెండు ఖాళీలుండాల్సిన చోట మూడుంటే మొత్తం కూలుతుంది. డైరెక్టర్ గారి బొటనవేలు మందం, ఎప్పుడూ మూడే పడేవి. మంగళవారం ఆయన క్లస్టర్ అయిదుసార్లు లేచి ఆరుసార్లు పడింది. ఆ లెక్క ఎలా కుదిరిందో టీచరమ్మకు కూడా అంతుపట్టలేదు. బుధవారం కోపంతో చేత్తో ఒక మెషీన్ పెంచాడు. అత్తగారు వచ్చి తీసేసింది. ఈసారి ఆయన అరవలేదు. "భలే చూసిందయ్యా!" అన్నాడు. గురువారం మధ్యాహ్నం బుల్లి క్లస్టర్ నిటారుగా నిలబడింది. డైరెక్టర్ గారు దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపించాడు.

శుక్రవారం పొద్దున ఆయన మూడో కాపరి అయ్యాడు. టీచరమ్మ మాస్టారి వరస కొట్టేసి, ఎవరి పేరుకు వాళ్ళే ఓకే చెప్పుకోకూడదు కాబట్టి, చూసి ఓకే చెయ్యండని డైరెక్టర్ గారికి పంపింది. పదకొండున్నరకు తిరిగొచ్చింది. ఎక్కడో ఒక ఖాళీ ఎక్కువుందట. దిద్ది పంపితే మూడింటికి మళ్ళీ తిరిగొచ్చింది. ఎందుకు తీస్తున్నామో కారణం రాయలేదట. అది రాసి నాలుగింటికి మూడోసారి పంపింది.

మాస్టారు ఆయన గదిలోకి పరిగెత్తాడు. "సార్, అయిదింటికి నా బతుకు తేలిపోతుంది. ఒక్క నొక్కు నొక్కండి!"

"తొందరపడితే ఫైలు పాడవుతుందని నాకు చెప్పిందెవరయ్యా?" అంటూ డైరెక్టర్ గారు కళ్ళజోడు తుడుచుకున్నాడు. "చదవనీ."

తీసింది ఒక్క వరస. దాన్ని ఆయన నలభై నిమిషాలు చదివాడు. ఇన్నిసార్లు పుట్టిన మనిషి రేపు పొద్దున ఇంకోసారి పుడతాడేమోనని మాస్టారికి చెమటలు పట్టాయి. నాలుగూ నలభై నాలుగుకు డైరెక్టర్ గారు నొక్కాడు. పుట్టించడం పొద్దున ఆరింటికే గానీ, ఫైల్లోంచి తీసిన పేర్లను అత్తగారు పది నిమిషాల పహరాలోనే ఊడుస్తుంది. నాలుగూ యాభైకి వచ్చింది, ఊడ్చింది. సిబ్బంది జాబితాలో మాస్టారు లేడు.

టీచరమ్మ కళ్ళు తుడుచుకుంది. మాస్టారు లేఖ పట్టుకుని గేటుకు పరిగెత్తి, కార్డు పెట్టాడు. అద్దం కదల్లేదు. మళ్ళీ పెట్టాడు. ఎర్ర దీపం.

లేని మనిషి కార్డుకు గేటు ఎందుకు తెరుచుకుంటుంది? లోపలికి రావడానికే కాదు, బయటికి పోవడానికీ కార్డు కావాలి. పేరు మళ్ళీ ఎక్కిస్తే గేటు తెరుచుకుంటుంది గానీ, కొత్త ఉద్యోగం మూసుకుంటుంది. అద్దంలోంచి రోడ్డుకవతల మేడ, దాని మెట్లు, మెట్ల మీద గడియారం చూస్తున్న గుమాస్తా, అన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు మాస్టారు.

"తాతా, చిన్న తలుపు తెరువ్!"

"పుస్తకంలో ఉంటేనే తెరుస్తా బాబూ. మీరు లోపలికి వచ్చినట్టే లేదు. రాని మనిషిని బయటికెలా పంపను?"

"అయితే రాయి! ఇప్పుడే వచ్చానని రాయి!"

తాత తాపీగా రిజిస్టరు తెరిచాడు. పెన్ను గీకాడు, రాయలేదు. విదిలించాడు, రాయలేదు. మాస్టారు తన జేబులోంచి మూతలేని పెన్ను తీసి అందించాడు. అది రాసింది.

"ఎవర్ని కలవడానికొచ్చారు?"

మాస్టారు కంగారులో తన పేరే చెప్పాడు.

తాత గోడ మీదున్న జాబితా స్క్రీన్ కేసి చూశాడు. "ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ పనిచెయ్యట్లేదు."

"తాతా, నీ కాళ్ళు పట్టుకుంటా. నిన్ను కలవడానికే వచ్చాననుకో!"

తాత తలెత్తాడు. ఆరేళ్ళలో ఆ గేటు దగ్గరికి తాతను కలవడానికని వచ్చినవాడు ఒక్కడూ లేడు. కింది పెదవి బిగబట్టి, ఒక్కో అక్షరం దిద్దుతూ తన పేరు నిండుగా రాసుకున్నాడు. వచ్చిన సమయం నాలుగూ యాభై నాలుగు. వెళ్ళిన సమయం నాలుగూ యాభై అయిదు.

"ఒక్క నిమిషమేనా ఉండేది? మంచినీళ్ళైనా తాగి వెళ్ళండి."

"తాతా!"

తాళం తిరిగింది. మాస్టారు చెప్పు ఒకటి రోడ్డు మధ్యలో వదిలేసి, నాలుగూ యాభై ఎనిమిదికి అవతలి మెట్లెక్కాడు.

పెన్ను మాత్రం తాత దగ్గరే ఉండిపోయింది.

కొత్త కంపెనీలో మొదటి రోజు, గేటు ఫైలు మీరే రాయండన్నారు. మాస్టారు అద్దాలు రాశాడు, కార్డులు రాశాడు, కాపరులు ఇద్దరికి తగ్గకూడదని రాశాడు. ఆ పైన, వరస ముందు సరిగ్గా రెండు ఖాళీలు వదిలి, ఇలా చేర్చాడు: పుస్తకం ఒకటి. తాళంచెవి ఒకటి. తాత ఒకరు.