తరగతి సంగతి బయట చెప్పరాదు

సిరిసిల్లలో ఒక అధ్యాపకురాలి ఉద్యోగం గురించి జరిగిన సమావేశంలో, ఆమె తరఫున చెప్పవలసిన ఒక్క మాట నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు అబద్ధం చెప్పాను. ఆ అబద్ధం చాలా ఏళ్ళు నాకు మంచిపేరుగా చెలామణి అయింది. అందుకే ఇది రాస్తున్నాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నాకు జగిత్యాల డిగ్రీ కళాశాలకు అర్థశాస్త్ర అధ్యాపకుడిగా పోస్టింగ్ వచ్చింది. అప్పటికి జగిత్యాల గాని, సిరిసిల్ల గాని జిల్లాలు కాలేదు. ఏ పనికైనా కరీంనగర్ పోవలసిందే. విశ్వవిద్యాలయం పెట్టే పునశ్చరణ తరగతులకు వెళ్తే సర్టిఫికెట్ దొరికేది, అది పదోన్నతికి పనికొచ్చేది. తిరిగొచ్చాక పాఠం మాత్రం పాత పద్ధతే: మేము నోట్స్ చెప్పడం, పిల్లలు రాసుకోవడం.

కోరుట్లలో అదే సబ్జెక్టు చెప్పే మల్లేశం సార్ నాకంటే పెద్దవాడు. ఆయనే ఒక ఉపాయం చెప్పాడు: “గా సర్టిఫికెట్ల ముచ్చట ఇడిసిపెట్టు. నా క్లాసుల నువ్వు గూసో, నీ క్లాసుల నేను గూసుంట. ఎవ్వని ఇజ్జత్ పోకుంట మాట్లాడుకుందాం.” సిరిసిల్ల నుంచి విజయ మేడం వచ్చి చేరింది. అక్కడ ఒక ప్రైవేటు యాజమాన్యం నడిపే కళాశాలలో ఆమె పార్ట్‌టైం అధ్యాపకురాలు. నెలకొకసారి ఒకరి తరగతిలో మిగతా ఇద్దరం వెనుక బెంచీలో కూర్చునేవాళ్ళం. పాఠం చెప్పినవారు ముందు మాట్లాడాలి. చూసినవారు ప్రశ్నలే అడగాలి, తీర్పులు చెప్పకూడదు. తరగతిలో చూసింది ఆ గది దాటి బయటికి పోకూడదు. లోపాలు బయటపడతాయనే భయం లేకుండా పాఠం చెప్పడానికి పెట్టుకున్న నియమం అది.

అవి సిరిసిల్లకు గడ్డురోజులు. మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచాలు, ఒక్కొక్కటిగా ఆగిపోతున్నాయి. తండ్రులు మగ్గాల పని వెతుక్కుంటూ మహారాష్ట్రలోని భీవండికో, గల్ఫ్‌కో పోతే, కొడుకులు రాత్రి పాళీలో పనిచేసి పొద్దున కళాశాలకు వచ్చి బెంచీ మీదే నిద్రపోయేవారు. ఏం చెయ్యాలని ఆమె అడిగితే నేనే ఒక సూచన చేశాను: నోట్స్ ఆపండి, నలుగురేసి పిల్లలను కూర్చోబెట్టి ఒక ప్రశ్న ఇవ్వండి, వాళ్ళు తేల్చిన దాని మీదుగా సిద్ధాంతంలోకి రండి. ఆమె ఇచ్చిన మొదటి ప్రశ్న, నూలు ధర పెరిగితే సాంచా ఎందుకు ఆగుతుందని. మరుసటి నెల నవ్వుతూ వచ్చింది. “నిద్రవొయ్యెటోడు గూడ లేసి కొట్లాడుతుండు సార్! బెల్లు గొట్టినా బయటికి పోతలేరు.”

ఆ గొడవే ఆమె మీద ఫిర్యాదైంది. పార్ట్‌టైం వారి కొలువును యాజమాన్యం ఏటా వేసవిలో పొడిగించాలి. ఆ సమావేశంలో యాజమాన్య కార్యదర్శి, ప్రిన్సిపాల్, బయటి నుంచి పిలిచే సబ్జెక్టు నిపుణుడు ఉంటారు. ఆ ఏడు నిపుణుడిగా నన్ను పిలిచారు. విజయ మేడంది కోరుట్ల వైపున్న ఇబ్రహీంపట్నం. మస్కట్‌లో భర్త పనిచేసే కంపెనీ మూతపడింది. వచ్చేందుకు దారి లేదు, పంపేందుకు జీతం లేదు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఈ సంగతి నాకు తెలుసు.

“పిల్లల్ని గుంపులు గూసోవెట్టి ముచ్చట్లు వెట్టిస్తున్నవట. గిది కాలేజా, అంగడా? ఎవరు నేర్పిండ్రు నీకు?” అని కార్యదర్శి అడిగాడు.

“ఎవరు నేర్పలేదు సార్. నేనే జేసిన,” అందామె. నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆమెను బయటికి పంపి నా అభిప్రాయం అడిగారు. ఆ పద్ధతి నాది, దాని ఫలితం కళ్ళారా చూశాను. అయితే ఫిర్యాదు చేసింది ప్రిన్సిపాలే. ఆయన విశ్వవిద్యాలయంలో పాఠ్యప్రణాళికలు తయారుచేసే మండలి సభ్యుడు. అందులోకి నా పేరు సూచిస్తానని మాట ఇచ్చి ఉన్నాడు. “ఆమె పాఠం గురించి నేను చెప్పడానికి లేదండీ,” అన్నాను. పొడిగింపు ఆగిపోయింది.

వరండాలో ఆమె అడిగింది: “ఏమన్నరు సార్? మీరన్న చెప్పకపోయిండ్రా?”

“మన నియమం ఉంది కదా మేడం.”

“అవు సార్, నియమం నియమమే,” అని వెళ్ళిపోయింది. ప్రిన్సిపాల్ మాటతో సహా నా నోటనే విన్న మల్లేశం సార్ మాత్రం నన్ను వదల్లేదు. “నియమం వెట్టుకున్నది పాఠం చెప్పెటోళ్లను కాపాడెటందుకా, నిన్ను కాపాడెటందుకా? గీ సంగతి ఆమెకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప.” మా బృందం అంతటితో ముగిసింది. మండలిలో మాత్రం నాకు చోటు దొరికింది.

తర్వాత ఆమె కోరుట్లలో ఒక జూనియర్ కళాశాలలో తక్కువ జీతానికి చేరిందని, భర్త ఎలాగో ఇల్లు చేరాడని, కొన్నేళ్ళకు పోటీ పరీక్ష రాసి రెగ్యులర్ అధ్యాపకురాలైందని వింటూ వచ్చాను. ఒక్కో కబురుకూ కొంత ఊపిరి పీల్చుకున్నాను. ఎదుట పడి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

నేను స్వచ్ఛంద విరమణ తీసుకున్నాక ఆమే ఫోన్ చేసింది. కోరుట్లలో కొత్త అధ్యాపకులతో చిన్న బృందం మొదలుపెట్టిందట, వచ్చి మాట్లాడమంది. మల్లేశం సార్ కూడా వచ్చాడు. ఆమె నన్ను పరిచయం చేస్తూ, “నా కొలువు పోతున్నా సార్ నియమం తప్పలే. నమ్మకమంటే గట్లుండాలె,” అంది. కొత్త అధ్యాపకులు చప్పట్లు కొట్టబోయారు. ఆపమన్నాను.

ఆనాటి సమావేశంలో జరిగింది, ప్రిన్సిపాల్ ఇచ్చిన మాటతో సహా చెప్పాను. “ఇగ చెప్పినవ్, ముసలోనివైనంక,” అన్నాడు మల్లేశం సార్. విజయ మేడం మెల్లగా అడిగింది: “గిన్నేండ్లు ఎందుకు చెప్పలే సార్? ఇప్పుడు మంచిగనే ఉన్న. గప్పుడు మంచిగ లేకుండె.”

మొదట ప్రిన్సిపాల్‌కు భయపడ్డానని, తర్వాత ఆమెకే భయపడ్డానని చెప్పాను. ఆ రోజే వాళ్ళు నియమం మార్చుకున్నారు: పాఠం చెప్పినవారు కోరితే, చూసినవారు ఎవరి ముందైనా నిలబడి చూసింది చెప్పి తీరాలి. సహచరుల బృందంలో గోప్యత పాఠం చెప్పేవారి హక్కు. అది చూసేవారికి చాటు కాకూడదు. నా ఉద్యోగ జీవితం నాకు ఆలస్యంగా నేర్పింది ఇదే.

బస్టాండు దాకా ఆమె తోడు వచ్చింది. దారిలో ఆమె తన తరగతి ముచ్చట్లు చెబుతుంటే నాకు ఎంతో తేలికగా అనిపించింది. బస్సు కదలబోతుండగా గుర్తొచ్చింది, జరిగిందంతా చెప్పాను గాని అడగవలసింది అడగనే లేదని. దిగి ఆమె దగ్గరికి వెళ్ళాను.

“తప్పు నాది మేడం. మీ కొలువు నా మూలంగ పోయింది. నన్ను మాఫ్ చెయ్యిండ్రి.”